మూడు ఊళ్ళ తిండి

కొత్త ఊరికి వెళితే ఏమేం చూడాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. ఎక్కడ తినాలో చెప్పేవాళ్ళు తక్కువ. తీరా ఆకలి వేసేసరికి, ఏ బోర్డు పెద్దదిగా కనిపిస్తే ఆ హోటల్లోకి వెళ్ళిపోతాం. ఇంటికి వచ్చాక అక్కడ ఏం తిన్నామో జ్ఞాపకం కూడా ఉండదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని కర్నూలు జిల్లా పడమటి వైపు బయలుదేరాను. మావాడు ఎనిమిదో తరగతి. అమ్మాయి అయిదో తరగతి. మంత్రాలయం, ఎమ్మిగనూరు, ఆదోని - ఈ మూడు ఊళ్ళూ చూసుకుని, మర్నాడు ఆదోనిలో తిరుగు రైలు ఎక్కాలని మా ఏర్పాటు. బయలుదేరేముందే ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతి ఊళ్ళోనూ ఒక్కసారైనా ఆ ఊరివాళ్ళు తినే తిండే తినాలి.

"ఊరివాళ్ళు ఏం తింటారో మనకెలా తెలుస్తుంది నాన్నా?" అన్నది అమ్మాయి.

"ఫోనులో చూస్తే సరి," అన్నాడు మావాడు.

"బయటినుంచి వచ్చినవాళ్ళు ఎక్కడ తిన్నారో ఫోను చెబుతుంది. ఊరివాళ్ళు ఎక్కడ తింటారో ఊరివాళ్ళనే అడగాలి," అన్నాను.

మంత్రాలయం రోడ్డు స్టేషనులో రైలు దిగేసరికి తెల్లవారుతున్నది. అక్కడినుంచి మంత్రాలయం సుమారు 16 కిలోమీటర్లు. ఊరు తుంగభద్ర ఒడ్డున ఉంది. నది ఇవతల మన ఆంధ్రదేశం, అవతల కర్ణాటకలోని రాయచూరు జిల్లా. పూర్వం ఈ ఊరిని మంచాల అనేవాళ్ళు. 1671లో రాఘవేంద్రస్వామి ఇక్కడే బృందావనంలో ప్రవేశించారు. అప్పట్లో ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ ఈ గ్రామాన్ని స్వామివారికి ఇచ్చాడని చెబుతారు.

ఏటి నీళ్ళలో స్నానంచేసి వచ్చేసరికి ముగ్గురికీ ఆకలి దంచేస్తున్నది. గుడి ముందు వీధిలో హోటళ్ళ బోర్డులు తెలుగులోనూ ఉన్నాయి, కన్నడంలోనూ ఉన్నాయి. యాత్రికుల్లో కన్నడంవాళ్ళు ఎక్కువ గనక, వంటలు కూడా వారి అలవాటు ప్రకారమే ఉంటాయి. ఒక హోటల్లో ఒకే పళ్ళెంలో ఒక పక్క కారం ఉప్మా, ఇంకో పక్క కేసరి పెట్టి ఇచ్చారు. దాని పేరు చౌచౌబాత్. మావాడు ఉప్మా ముందు తిని, కేసరి ఆఖరున తిన్నాడు. అమ్మాయి రెండూ కలిపేసి తిన్నది. ఇద్దరూ తాము చేసిందే సరి అన్నారు.

మధ్యాహ్నం మఠంలో భోజనం చేశాం. వందలమంది వరసల్లో కూర్చున్నారు. అన్నం, సాంబారు, కూర, పాయసం, మజ్జిగ వడ్డించారు. ఆ వంటలో ఉల్లిపాయ, వెల్లుల్లి వెయ్యరు. ఆ సంగతి నేను చెప్పేదాకా పిల్లలు గమనించనేలేదు. వచ్చేటప్పుడు పరిమళ ప్రసాదం కొనుక్కున్నాం. రవ్వ, చక్కెర, నెయ్యి కలిపి వండి ముక్కలుగా కోస్తారు. పొట్లం విప్పగానే కమ్మని వాసన వస్తుంది. కాని ఆ పేరు వాసననుబట్టి మాత్రమే వచ్చింది కాదు. రాఘవేంద్రస్వామి న్యాయసుధ అనే గ్రంథానికి పరిమళమనే వ్యాఖ్య రాశారు. అందుచేత ఆయనకు పరిమళాచార్యులని పేరు వచ్చింది.

సాయంత్రానికి ఎమ్మిగనూరు చేరాం. ఇది నేతగాళ్ళ ఊరు. 1938లో మాచాని సోమప్పగారు ఇక్కడ చేనేతవారి సహకార సంఘాన్ని స్థాపించారు. నేతపనివాళ్ళకు నూలు ఇచ్చి, గుడ్డ కొని, వారిని అప్పుల బాధనుంచి తప్పించటమే ఇలాంటి సంఘాల ఉద్దేశం. 1954లో సోమప్పగారికి పద్మశ్రీ బిరుదు వచ్చింది. ఊళ్ళో ఒక కూడలికి ఆయన పేరే పెట్టారు.

ఒక ఇంటి ముందు మగ్గం చప్పుడు వినబడితే ఆగాం. లోపల నేస్తున్న పెద్దాయనను, "ఇక్కడ రాత్రిపూట ఏం తింటారండీ?" అని అడిగాను.

"రొట్టె. ఇంకేముంది!" అన్నాడాయన నవ్వుతూ. "నాలుగిండ్లు దాటి పోండి. మా మగ్గం చప్పుడు ఆగిపోతుంది, రొట్టె చప్పుడు మొదలవుతుంది."

ఆయన చెప్పినట్టే జరిగింది. ఒక అరుగు మీద ఒకామె కూర్చుని రెండు చేతులతోనూ టపటపమని జొన్నరొట్టెలు తట్టుతున్నది. పక్కన పొయ్యి మీద పెద్ద ఇనుప పెనం. ఇళ్ళకు పట్టుకుపోయేవాళ్ళు గిన్నెలు పుచ్చుకుని నిలబడి ఉన్నారు.

"పెద్దమ్మా, అప్పడాల కర్రతో వత్తితే త్వరగా అవుతాయి గదా?" అన్నాడు మావాడు.

"యాడయితాయి నాయనా! వత్తితే పగిలిపోతాది," అన్నదామె. "దీనికి మసిలే నీళ్ళు పొయ్యల్ల, చేత్తో తట్టల్ల. రా, నువ్వూ ఒకటి తట్టు."

మావాడు చేతులు కడుక్కుని కూర్చున్నాడు. నాలుగు దెబ్బలు వేసేసరికి రొట్టె మూడు ముక్కలయింది. అందరూ నవ్వారు.

దీనికి కారణం ఉంది. గోధుమపిండిలో గ్లూటెన్ అనే జిగురు తయారవుతుంది. అందుచేత చపాతీని ఎంత వత్తితే అంత సాగుతుంది. జొన్నపిండిలో ఆ జిగురు లేదు. మరిగే నీళ్ళు పోసినప్పుడు పిండిలోని పిష్టపదార్థం కాస్త ఉడికి బంక అవుతుంది. పిండిని కలిపి ఉంచేది ఆ బంకే. తట్టిన రొట్టెను పెనం మీద వేసి, పైన తడిచేత్తో నీళ్ళు రాస్తారు. తిరగవేసి కాల్చినప్పుడు లోపలి తడి ఆవిరి అవుతుంది. బయటికి పోవటానికి దారిలేక రొట్టెను బంతిలాగా పైకి లేపుతుంది.

ఈ సీమలో జొన్నలే ఎందుకు తింటారంటే, ఇది వానలు తక్కువ పడే నేల. కాని ఇక్కడి నల్లరేగడి ఒకసారి నానితే ఆ తడిని చాలాకాలం దాచుకుంటుంది. వానలు వెనకబట్టే కాలంలో విత్తితే, జొన్నపైరు భూమిలోని ఆ తడితోనే పెరిగి పంటకు వస్తుంది. వరికి అలా కుదరదు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు అందేచోట మాత్రమే వరిచేలు కనిపిస్తాయి.

వేడి వేడి రొట్టె, గుత్తివంకాయ కూర, వేరుశనగపప్పు కారం, పచ్చి ఉల్లిపాయ - ఇదీ ఆ రాత్రి మా భోజనం. అమ్మాయి రెండు రొట్టెలు తిన్నది. ఇంట్లో అది రెండు చపాతీలు ఎన్నడూ తినలేదు.

రాత్రి బస్సులో ఆదోని చేరి, పొద్దున్నే ఊరు చూడటానికి బయలుదేరాం. ఎమ్మిగనూరునుంచి ఆదోనికి సుమారు 30 కిలోమీటర్లు. కొండల మీద పాతకోట ఉంది. విజయనగర రాజులూ, బిజాపూరు సుల్తానులూ, మొగలాయిలూ, నైజామూ దీన్ని ఏలారు. 1800లో ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. బట్టలకూ, బంగారానికీ షరాఫ్ బజారు పేరుపడింది. పత్తి వ్యాపారంవల్ల ఆదోనిని ఒకప్పుడు రెండో బొంబాయి అనేవాళ్ళు.

ఈసారి ఊరివాళ్ళను అడిగే పని మావాడే పెట్టుకున్నాడు. పత్తి బస్తాలు మోస్తున్న ఒక హమాలీ దగ్గరికి వెళ్ళి, "అన్నా, మీరు పొద్దున ఏం తింటారు?" అని అడిగాడు.

"ఉగ్గానీ, బజ్జీ," అన్నాడతను. "బస్టాండు కాడికి పోండి. బండి చుట్టూ జనం ఉంటారు. మేమంతా ఆడనే తింటాం."

బస్టాండు దగ్గర బండి కనబడింది. నేను ముందు బాణలిలో నూనె చూశాను. వాడిన నూనెనే రోజుల తరబడి కాస్తూ ఉంటే అది నల్లబడి, చిక్కబడుతుంది. ఆరోగ్యానికి చెరుపుచేసే పదార్థాలు అందులో పుడతాయి. ఇక్కడ నూనె తేటగా ఉంది. బజ్జీలు మా కళ్ళ ఎదటే వేసి, పొగలు కక్కుతుండగా ఇస్తున్నారు. వీధిలో తినేటప్పుడు ఈ రెండూ చూసుకోవాలి.

ఉగ్గాని అంటే బొరుగుల ఉప్మా అనుకోవచ్చు. బొరుగులను నీళ్ళలో ముంచి, వెంటనే పిండేస్తారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పకుండా ఉండాలి. కన్నడంలో ఒగ్గరణె అంటే తాలింపు. ఆ మాటకూ ఉగ్గానికీ చుట్టరికం ఉన్నట్టు వింటేనే తెలుస్తుంది. ఆదోని తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆ సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరుకు పోయింది, ఆదోని మనకు వచ్చింది. జిల్లాలు మారాయిగాని, పొద్దుటి ఫలహారం మారలేదు.

బొరుగులు తయారయేది కూడా ఆవిరి వల్లనే. ఉడకబెట్టి ఎండబెట్టిన వడ్లను దంచి, ఆ బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టించి, బాగా కాగిన ఇసుకలో వేస్తారు. గింజలోని తడి ఒక్కసారిగా ఆవిరి అయి, కొన్ని క్షణాల్లోనే గింజను ఉబ్బిస్తుంది. గింజ నిండా గాలి గదులు ఏర్పడతాయి. అందుకనే బొరుగులు నీళ్ళు తగలగానే పీల్చుకుంటాయి.

మా పక్కనే ఒక కుటుంబం మూటలమీద కూర్చుని తింటున్నది. తల్లి, తండ్రి, ఒక ముసలమ్మ, మా అమ్మాయి ఈడు పిల్ల. మా అమ్మాయి బజ్జీ కొరికి, కారానికి తట్టుకోలేక నోరు తెరిచి ఊదుకుంటున్నది. ఆ పిల్ల నవ్వి, "అట్ల కాదు. బజ్జీ చిదిమి ఉగ్గానిలో కలుపు. కారం తెలీదు," అన్నది. అలా చేస్తే నిజంగానే కారం తగ్గింది.

"మీరు ఏ ఊరు వెళుతున్నారు?" అని అడిగింది మా అమ్మాయి.

"సుగ్గికి పోతాండాం మా," అన్నది తల్లి. "గుంటూరు తట్టు. మిరపకాయ కోతకు."

సుగ్గి అంటే కన్నడంలో పంట కోతలు. ఈ పక్క పల్లెల్లో కోతలు ముగిశాక చెయ్యటానికి పని ఉండదు. అందుచేత ఏటా ఎన్నో కుటుంబాలు ఇళ్ళకు తాళాలు వేసి, మిరపా పత్తీ పండే జిల్లాలకు కూలికి వెళతాయి. ఆ వెళ్ళటాన్నే ఇక్కడ సుగ్గి అంటారు.

"నువ్వు కూడానా?" అన్నది మా అమ్మాయి ఆ పిల్లతో. "మరి బడి?"

"అయిదో తరగతి. ఉగాదికి వచ్చేస్తాం," అన్నది ఆ పిల్ల. ఒళ్ళో ఉన్న బడిసంచీని కాస్త దగ్గిరికి లాక్కున్నది. "పుస్తకాలు తీసుకపోతాన్న."

"ఇంట్లో వదిలిపెడదామంటే చూసేవాళ్ళు యాడుండారు సార్," అన్నాడు తండ్రి నాతో. "మా అమ్మ గూడ మాతోనే వస్తాంది."

నేను ఏమీ అనలేకపోయాను. వలస వెళ్ళేవాళ్ళ పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకునేందుకు ఈ జిల్లాలో సీజనల్ హాస్టళ్ళు నడిపిన సంవత్సరాలు ఉన్నాయి. అలాంటిది దగ్గరలో ఉంటే పిల్ల చదువు సాగుతుంది. లేకపోతే చదువు కూడా మూటలతోపాటు బస్సు ఎక్కుతుంది. ఇంతలో బస్సు వచ్చింది. తల్లి మిగిలిన ఉగ్గానిని కాగితంలో పొట్లం కట్టుకున్నది. ఆ పిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ముగ్గురం కడుపునిండా తింటే, వంద రూపాయల నోటుకు చిల్లర తిరిగి వచ్చింది. మావాడు ఆ చిల్లర లెక్కపెట్టకుండానే జేబులో వేసుకున్నాడు.

రైలు కదిలిన చాలాసేపటికి అమ్మాయి, "నాన్నా, మన ఇంట్లో కారం డబ్బాలో ఉండేది ఎక్కడి మిరపకాయ?" అని అడిగింది.

"గుంటూరుదే," అన్నాను.

మీరు ఆ వైపు వెళితే మంత్రాలయంలో మఠం భోజనం చెయ్యండి. ఎమ్మిగనూరులో చీకటిపడేవేళ రొట్టెల చప్పుడు వినబడేచోటికి వెళ్ళండి. ఆదోనిలో పొద్దున ఎనిమిదింటిలోపల ఉగ్గాని తినండి, తరవాత అయిపోతుంది. బజ్జీ చిదిమి కలుపుకోవటం మరిచిపోకండి.

ఇంటికి వచ్చాక మేమూ ఒక ఆదివారం ఉగ్గాని చేశాం. మొదటిసారి బొరుగులు ఎక్కువ సేపు నానబెట్టటంవల్ల ముద్ద అయింది. రెండోసారి బాగా కుదిరింది. ఉగాది రోజున పచ్చడి తింటూ తింటూ మా అమ్మాయి ఆగి, "ఆ అమ్మాయి ఈపాటికి ఊరికి వచ్చేసి ఉంటుందా నాన్నా?" అని అడిగింది.