తేట నీళ్లలో ఏముంది

అండమాన్‌లోని వండూరు జెట్టీ దగ్గర మా సకినాలు పట్టుబడ్డాయి.

సంక్రాంతి వెళ్లిన వారం అది. అమ్మ కవర్లో కట్టిచ్చిన సకినాలను అటవీశాఖ ఉద్యోగి బ్యాగులోంచి తీసి, కవరు తన దగ్గర ఉంచుకుని తిండి మా చేతిలో పెట్టాడు. జాలీబాయ్ దీవికి ప్లాస్టిక్ పోనివ్వరు. తాగే నీళ్లకు కూడా డిపాజిట్ కట్టి అక్కడి సీసాలే తీసుకోవాలి. సకినాలు నా తువ్వాల్లోకి మారాయి. "కంపెనీ గేటు కాడ గూడ ఇంత చెకింగ్ లేదు గద మామా" అన్నాడు మాలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు.

ముగ్గురం ఇంద్రేశం వాళ్లమే. తెల్లారితే పాశమైలారం వైపు షిఫ్టులకు పోయే బండ్ల వరుసలో మా బండ్లూ ఉంటాయి. నేను ఒక మందుల కంపెనీలో ఈటీపీ చూస్తాను. అంటే ప్లాంటు వదిలిన మురికి నీళ్లను శుద్ధిచేసే చోటు. రోజూ చివరి ట్యాంకు నీళ్లు బీకరులో పట్టి, వెలుతురుకు ఎత్తి చూస్తాను. పరీక్షలు తరవాత ఎన్ని చేసినా ముందు చూపు అదే. తేటగా ఉన్నాయంటే అందులో ఏమీ లేదని నా లెక్క. ఏమీ లేకపోవడమే నా పనితనం.

నీళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ అనుమానమే. మా దిక్కు ఫ్యాక్టరీల మురికి మోసే నక్కవాగులో కాలు పెడితే అమ్మ ఊరుకునేది కాదు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ఆ వాగు పోయి కలిసేది మంజీరలో. అందుకే మాలో ఎవరికీ ఈత రాలేదు. ఈత రానివాళ్లం సముద్రంలో మునిగి చూద్దామని బయల్దేరాం!

శంషాబాద్‌లో విమానం ఎక్కితే సుమారు రెండున్నర గంటల్లో పోర్ట్‌బ్లెయిర్. 2024 సెప్టెంబరులో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు కానీ ఆటోవాళ్ల నోట ఇంకా పాతపేరే. అక్కడ తెలుగు వినపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

మర్నాడు పొద్దున వండూరులో పడవ ఎక్కాం. అక్కడి తీరంలో పెద్ద పెద్ద మాన్లు ఎండి, మోడులై నిలబడి ఉన్నాయి. 2004 డిసెంబరు 26 భూకంపానికి దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది. సునామీ వెనక్కి పోయినా ఉప్పునీళ్లు పోలేదు. అడవి నిలువునా ఎండింది. అక్కణ్ణుంచి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ వనం మొదలు. 1983లో ఏర్పాటైంది. 15 దీవులు, సుమారు 280 చదరపు కిలోమీటర్లు. జాలీబాయ్‌కి చలికాలం, ఎండాకాలమే రానిస్తారు. వానాకాలం దానికి విశ్రాంతి, యాత్రికులకు రెడ్‌స్కిన్ దీవి. పంట మార్చి పొలం బీడు పెట్టినట్టు.

గంట ప్రయాణం. తరవాత అడుగున అద్దమున్న చిన్న పడవలో ఒడ్డుకు దించారు. మాకు స్నార్కెలింగ్ నేర్పడానికి వచ్చినతను మా మాటలు విని నవ్వాడు. "ఏ ఊరు బాబూ మీది? మా తాత శ్రీకాకుళం నుంచొచ్చీసారు." ఇంద్రేశం అతనికి తెలియదు. పటాన్‌చెరు అంటే "హైదరాబాదు పక్కనేనా" అన్నాడు. అద్దాల మాస్కులో ఉమ్మేసి, వేలితో రుద్ది, కడిగి నా మొహానికి తగిలించాడు. అలా చేస్తే అద్దానికి ఆవిరి పట్టదట. "ముక్కు సంగతి ఒగ్గీండి. నోటితోటే ఊపిరి. బయపడకండి, జాకెట్టుంది."

మొదటిసారి గొట్టంలోంచి ఉప్పునీళ్లు గొంతులోకి పోయాయి. రెండోసారి దగ్గాను. మూడోసారి తల ముంచి, నా ఊపిరి నాకే వినపడుతుంటే కళ్లు తెరిచాను.

ముందు వినిపించింది చప్పుడు. మంగలంలో జొన్న పేలాలు వేగుతున్నట్టు చిటపటలు, అన్ని దిక్కుల నుంచీ. పంజా టప్పున మూసే చిన్న చిన్న రొయ్యల పని అదట, తరవాత తెలిసింది. ఆపైన చూపు ఆనింది. జింక కొమ్ముల్లాంటి పగడాలు, మెదడు ముడతల్లాంటి గుండ్లు. నీలం, ఆకుపచ్చ కలిసిన చిలక చేప ఒకటి దిబ్బను పళ్లతో గీకుతోంది. టక్, టక్. రాయిని కొరికి, మీది పాచి తిని, మిగతాది ఇసుకగా వెనక నుంచి వదిలింది. మేం చెప్పులు విప్పి నడిచిన ఆ తెల్లటి ఇసుకలో దాని కష్టం కూడా ఉందన్నమాట. రాళ్ల మధ్య ఒక పెద్ద ఆల్చిప్ప నోరు తెరుచుకుని ఉంది. పెదవులు వంగపండు రంగు. నా నీడ పడగానే అవి ముడుచుకున్నాయి.

అద్దంలాంటి నీళ్లు. నా లెక్కన అందులో ఏమీ ఉండకూడదు. నీళ్లలో పోషకాలు తక్కువ గనకే అంత తేట. మరి ఇంత సంసారం ఎలా సాగుతోంది? పగడం ఒంట్లోనే కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. అది ఎండతో వంట చేసి ఇంటాయనకు పెడుతుంది. పగడం విసర్జించింది దానికి ఎరువు. ఇక్కడ దాదాపు ఏదీ బయటికి పోదు.

కొంచెం అవతలికి లాక్కెళ్లి అతను వేలు చూపించాడు. అక్కడంతా బూడిదరంగు ముక్కల గుట్ట. పైకొచ్చాక చెప్పాడు. "2010 ఎండలకి తెల్లగయిపోయాయి బాబూ. కొన్ని లేచాయి, కొన్ని లెగలేదు." మామూలు ఎండాకాలపు వేడి మీద ఒక్క డిగ్రీ పెరిగి వారాల తరబడి నిలిస్తే పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. రంగు పోతుంది, తిండి పోతుంది. నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. మా గాలి ట్యాంకులో మురికిని తినేది బ్యాక్టీరియా. వేడి నీళ్లో, ఘాటైన రసాయనమో ఒక్కసారిగా వచ్చి పడితే షాక్ లోడ్ అంటాం. రాత్రికి రాత్రి అది చచ్చిపోతుంది. మళ్లీ పెంచుకోవాలంటే వారాలు. ఇక్కడ ఏళ్లు.

ఒడ్డున కూర్చుని నలుగురం సకినాలు పంచుకున్నాం. "మా అరిసెల కంటే గట్టిగున్నాయి" అన్నాడతను. దోస్తు ఒక ఎండిన పగడపు ముక్క జేబులో వేసుకోబోతే ఆపాడు. చచ్చినదైనా తీసుకుపోతే వన్యప్రాణి చట్టం కింద నేరమే. వాడు దాన్ని తీసినచోటే పెట్టాడు. వండూరులో మా కవరు మాకు తిరిగి ఇచ్చారు.

సోమవారం షిఫ్టుకు పోయాను. చివరి ట్యాంకు నీళ్లు బీకరులో ఎత్తి చూశాను. తేటగానే ఉన్నాయి. సంతకం పెట్టాను. తరవాత ఎప్పుడో గానీ చేయని పని చేశాను. గాలి ట్యాంకులోంచి బురద చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. సన్నని కాడల మీద గంటల్లా ఊగుతున్న వోర్టిసెల్లాలు. బురద ఆరోగ్యంగా ఉందనడానికి అవి గుర్తని చదువుకున్నదే. స్లైడు మీద గోటితో కొట్టాను. కాడలు స్ప్రింగులా చుట్టుకుని, గంటలన్నీ ఒక్కసారే ముడుచుకున్నాయి.

అవి మళ్లీ విప్పుకునే దాకా లాగ్‌బుక్కు పక్కన పెట్టి కూర్చున్నాను.