చిత్రకారుని కుండలు

తర్కము చదివినవారికి ఘటము చిరపరిచితము. మన్ను ఉపాదానకారణమనియు, కుమ్మరి నిమిత్తకారణమనియు, దండచక్రాదులు సహకారులనియు పాఠము చెప్పుచుందుము. చెప్పువారిలో సారెపై చేయి వైచినవారు మాత్రము అరుదు. బెర్నార్డు లీచ్ అను ఆంగ్ల చిత్రకారుని తొలి పాత్రలను గూర్చి తలంచునప్పుడెల్ల ఈ సంగతి మాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

లీచ్ 1887లో హాంకాంగున జన్మించి, లండనులో చిత్రలేఖనము నేర్చి, 1909లో జపానునకు వెళ్లెను. రాగిరేకుపై గీతలు గీచి, ఆమ్లముతో తినిపించి, అచ్చువేయు విద్యను అచటివారికి బోధింపవలెనని ఆయన యుద్దేశము. బోధింపబోయినవాడు శిష్యుడయ్యెను. 1911లో టోక్యోలో కళావిదులు కూడిన యొక వేడుకకు ఆయనయు పోయెను. అతిథులకు ఒకమారు కాల్చిన మట్టిపాత్రలను, కుంచెలను, రంగులను ఇచ్చిరి. ఎవరికి తోచిన బొమ్మ వారు వ్రాసిరి. పిదప పాత్రలను సీసము కలిసిన గాజుపూతలో ముంచి, చిన్న బట్టీ యంచున వెచ్చబెట్టి, పొడవైన పటకారుతో లోపల నుంచిరి. అరగంటసేపటిలో పూత కరగెను. నిప్పుకణికలవలె నున్న పాత్రలను వెలికిదీయగా, ఎఱుపు తగ్గిన కొలది దాగియున్న రంగులు పైకి వచ్చినవి. ఇరువదినాలుగేండ్ల లీచ్ ఆ దినముననే తన వృత్తిని నిశ్చయించుకొనెను.

రాకు అనునది ఈ పద్ధతి పేరు. మన కుమ్మరి ఆవములో కుండలు మెల్లగా కాలి మెల్లగా చల్లారును. ఆవము విప్పువఱకు వాని గతి యెవరికిని తెలియదు. రాకుపాత్ర మండుచున్న బట్టీలోనికే పోయి, మండుచునే బయటికి వచ్చును. ఆ దెబ్బకు పగులకుండుటకై మన్నులో ముతక ఇసుకనో, కాల్చిన మట్టిపొడినో కలుపుదురు. వేడి సుమారు 750 మొదలు 1000 సెంటీగ్రేడు డిగ్రీలు. అంతమాత్రమున మన్ను రాయివలె గట్టిపడదు. నీరూరును, అంచులు పెచ్చులూడును. సీసపుపూత యైనచో పులుపు నుంచరాదు. 16వ శతాబ్దమున క్యోటోలో సెన్ నో రిక్యూ అభిరుచికి చోజిరో చేసిన తేనీటిగిన్నెలు బొమ్మలు లేని నల్లనివి, ఎఱ్ఱనివి. బొమ్మలు వ్రాయు మార్గము వేఱు. అది ఒగాట కెన్‌జాన్ (1663–1743) పేర నడచినది.

ఆ పేరు ధరించిన ఆఱవ గురువును లీచ్ ఆశ్రయించెను. ఆయన వృద్ధుడు, పేదవాడు. కొత్త వ్యాపారపు పోటీలో వెనుకబడినవాడు. లీచ్ తోటలోనే ఆయన బట్టీ కట్టియిచ్చెను. తుదకు పూతల పాళ్లు గల పత్రమును లీచ్‌నకును, ఆయన మిత్రుడైన తొమిమొతో కెన్‌కిచికిని ఒసగి, తన పరంపరకు వారసులను జేసెను. పరదేశియని దాచలేదు. కుమ్మరింటి బిడ్డయని ప్రసిద్ధి గన్న మొల్ల మనకు రామాయణము నిచ్చినది. పండితు డొకడు కుమ్మరివద్ద శిష్యుడై కుండ చేసెనని మాత్రము మేము విని యెఱుగము.

ఆ తొలి పాత్రలలో కుండపని కంటె గీత మేలు. ఆకృతులు కొంత బరువుగా నుండును. గీత రాగిరేకుపై తీరిన చేతిది. ఇంగ్లండు పల్లెల పాతకాలపు పళ్లెములను గూర్చిన గ్రంథము ఆయనకు టోక్యోలోనే లభించినది. తాతలనాటి యా నాటు సొగసును జపాను రాకుపైకి తెచ్చుటకు యత్నించెను. ఇది మాకు మిక్కిలి ప్రియమైన సంగతి.

1920లో హమదా షోజితో గూడి ఇంగ్లండు సముద్రతీరమున సెయింట్ ఐవ్స్‌లో బట్టీ నెలకొల్పెను. కీర్తి తెచ్చినవి అధికమైన వేడిలో కాల్చిన రాతివంటి పాత్రలు. రాకు క్రమముగా వెనుకబడినది. (1960 తరువాత అమెరికావారు ఎఱ్ఱని పాత్రలను ఱంపపుపొట్టులో పొగబెట్టి దానికే రాకు అని పేరుపెట్టిరి, ఆ కథ వేఱు.) అయినను ఆ తొలి యేండ్లలో గురువారము మధ్యాహ్నములందు యాత్రికులకు రాకు చూపుచుండెను. వచ్చినవారు కొంత రుసుము చెల్లించి, తామే పాత్రపై బొమ్మ వ్రాసి, బట్టీ చెంత నిలిచి, చల్లారిన పాత్రను ఇంటికి గొనిపోవుచుండిరి.