దూరం ఎక్కువ, టైమ్ తక్కువ!

అక్క పురుడికి అమ్మ ఒక్కతే శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాలి. మోకాళ్ల నొప్పులు కదా, "ఎన్ని గంటలు కూర్చోవాలిరా?" అన్నదే ఆమె బెంగ.

ఢిల్లీ నుంచి దగ్గరి దారిలో సుమారు 12,400 కిలోమీటర్లు. కానీ విమానాలు ఎప్పుడూ దగ్గరి దారే పట్టవు. 2016లో ఎయిరిండియా అట్లాంటిక్ వైపు మానేసి పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది, ప్రయాణం మాత్రం 14.5 గంటలకు తగ్గింది! పడమటి నుంచి వీచే పైగాలులు వెనక నుంచి తోస్తాయి మరి.

వేసవిలో అక్కడి టైమ్ మనకన్నా 12.5 గంటలు వెనక. ఇక్కడ తెల్లవారుజామున 4కి ఎక్కితే అక్కడ అదే రోజు ఉదయం 6కి దిగొచ్చు.

"ఓస్, రెండు గంటలేనా!" అంది అమ్మ.

మోకాళ్లకి ఆ లెక్క తెలీదుగా. మధ్యమధ్యలో లేచి నడవడానికి వీలుగా ఐల్ సీటే బుక్ చేశా.