రాళ్లను చదివిన ఉపాధ్యాయుడు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల బాలురకు కొండ చూడవలెనన్న మంగళగిరిదాక పోవలయును. ఇచట నెక్కడ త్రవ్వినను ఒండ్రుమట్టియో, ఇసుకయో. ఇట్టిచోట శిలాజముల పాఠము చెప్పవలసినప్పుడు మేము స్టీఫెన్ హిస్లాపుగారి చరిత్రతో నారంభింతుము.

1817లో స్కాట్లండు దేశమున జన్మించిన ఈ పాదిరిగారు 1844లో మన దేశమునకు వచ్చి, 1846లో నాగపురమున పాఠశాల స్థాపించిరి. బోధనము వారి వృత్తి; రాళ్లు తీరికవేళల వ్యాసంగము. 1851లో తోడి మిషనరీ రాబర్ట్ హంటరుగారితో టాక్లి యొద్ద నడచుచుండగా, రాతిలో నొక మంచినీటి నత్తగుల్ల కంటబడెను. చుట్టును అగ్నిపర్వతపు ద్రవము గట్టిపడిన నల్లరాయి, నడుమ చెరువునత్త! సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట నొక ప్రవాహము చల్లారి, మరియొకటి వచ్చులోపల నచట చెరువులు వెలసెనని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

1855లో వారిరువురి వ్యాసము లండను భూగర్భశాస్త్ర సంఘపు పత్రికలో వెలువడెను. 1860లో హిస్లాపుగారు మన రాజమహేంద్రవరపు గుల్లలనుగూడ వర్ణించిరి. 1863 సెప్టెంబరు 4న టాకల్‌ఘాట్ వద్ద పురాతన శిలావలయములను పరిశీలించి వచ్చుచు, పొంగిన నీటిలో మునిగి గతించిరి. నలువదియాఱేండ్లు నిండుటకు నాలుగు దినములే కొదవ. మా యీడువారే! 1883లో నాగపురమున వారి పేర కళాశాల నెలకొనెను.

పరీక్షల యేట గుల్లలేరుట యెందులకని కొందఱు తల్లిదండ్రులు మమ్మడుగుదురు. కోట్ల యేండ్ల మాట విని పిల్లల విశ్వాసము చెదరునేమోయని మఱికొందఱి భయము. సత్యమును వెదకుటకు భక్తుడు జంకనక్కఱలేదనుటకు ఆ పాదిరిగారి జీవితమే దృష్టాంతము. పరీక్షలమాటకు వచ్చినచో, వల్లించిన పాఠము వేసవికి మఱపు వచ్చును. బావిమట్టిలో గుల్లను చూచి, “అయ్యగారూ, ఇక్కడ సముద్రముండెనా?” అని యడిగిన బాలుడు దాని నెన్నటికిని మఱవడు. ఉండెను, తీరమునకు దూరముగా నున్న ఇసుకదిబ్బలే సాక్ష్యము.

హైదరాబాదు పోవువారు బిర్లా ప్రదర్శనశాలలో కోటసారసు అస్థిపంజరమును తప్పక చూడవలయును. ఆదిలాబాదు ప్రాంతపు యామనపల్లి చెంత దొరకిన ఆ బృహజ్జంతువునకు 1988లో పేరుపెట్టినవారు యాదగిరిగారు.

బాలబాలికలారా! సెలవులలో మీ యూర బావియో చెరువో త్రవ్వునప్పుడు పెద్దల యనుమతితో గట్టున నిలిచి చూడుడు. దొరకిన గుల్లతోపాటు చోటు, లోతు, తేది చీటిపై వ్రాసి తెండు. చీటిలేని గుల్ల యేమియు చెప్పజాలదు. మా బల్లపై మీ గుల్లలకు చోటున్నది.