ఐటెమ్ మాస్టర్ జోలికి వెళ్లొద్దు

2020లో కరోనా వచ్చి హైదరాబాద్ ఆఫీసు మూతపడ్డాక, ల్యాప్‌టాప్ సర్దుకుని అంతర్వేది వచ్చేశాను. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు పొరలు పొరలుగా తుప్పురాలే మేడగదిలో తప్ప ఇంట్లో ఎక్కడా సిగ్నల్ ఉండేది కాదు. అమెరికాలో బండ్ల విడిభాగాలు అమ్మే ఒక కంపెనీ డేటాబేసుని ఏం చేయాలా అని ఆ ఏడాది రాత్రిళ్లు మేం వాదించుకున్నది ఆ గదిలోంచే.

వాళ్లది ఏఎస్/400. 1988లో వచ్చిన ఆ మెషీన్‌ను ఇప్పుడు ఐబీఎం ఐ అనాలి. దాని మీద బతికేవాళ్లెవరూ అలా అనరు. అందులో ఫైలు స్వరూపం చెప్పే పాత భాష డీడీఎస్. 1978 నాటి సిస్టమ్/38 నుంచే వస్తోంది. రాయడం కన్నా గళ్లు నింపడం అంటే సరిపోతుంది. ఆరో గడిలో ఏ. పదిహేడో గడిలో ఆర్ వేస్తే రికార్డు ఫార్మాట్, కే వేస్తే కీ. పంతొమ్మిదో గడి నుంచి ఫీల్డు పేరు, పది అక్షరాలు దాటకూడదు. 30 నుంచి 34 దాకా పొడవు, అదీ కుడివైపుకి జరిపి. 35లో అంకెలు దాచే తీరు: ఎస్ అంటే జోన్డ్, పీ అంటే ప్యాక్డ్. ఒక్క గడి పక్కకి జరిగిందా, కంపైల్ కాదు. కొత్తలో స్క్రీన్ మీద వేలు పెట్టి గళ్లు లెక్కపెట్టుకునేవాళ్లం.

ఆ కంపెనీలో కొత్తగా చేరిన పెద్దాయన ఒకాయన సూటిగా అడిగాడు: ఇవన్నీ ఎస్‌క్యూఎల్‌లోకి మార్చేస్తే పోదా? డీడీఎస్ వచ్చినవాళ్లు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. కాలేజీ నుంచి వచ్చే పిల్లలకి క్రియేట్ టేబుల్ తప్ప ఇంకోటి తెలీదు. ఐబీఎం కూడా 2002 నుంచి కొత్త క్వెరీ ఇంజిన్ మీదే శ్రద్ధ పెడుతోంది, డీడీఎస్‌కి కొత్తగా చేర్చేది దాదాపు ఏమీ లేదు. ఆ మాటకొస్తే ఎస్‌క్యూఎల్ నిన్నమొన్నటిదేం కాదు. చాంబర్లిన్, బాయిస్‌లు 1974లో ఐబీఎంలోనే దాన్ని బయటపెట్టారు. డీడీఎస్ కంటే అదే పెద్దది!

మా టీమ్‌లో భీమవరం ఆయన ఒకరుండేవారు. వైటూకే రోజుల్లో రెండంకెల సంవత్సరాలు మార్చిన తరం. కాల్‌లో ఆయన గొంతు పెరిగితే మిగతావాళ్లం మ్యూట్‌లో పెట్టుకునేవాళ్లం.

"సార్, టూల్ ఉందండి. డీడీఎస్ ఇస్తే ఎస్‌క్యూఎల్ టేబుల్ తయారుచేసే డీడీఎల్ అదే రాసిచ్చేస్తుంది" అన్నాడు మా కుర్రాడు.

"రాసిస్తుంది నాన్నా. దాంట్లోకి డేటా ఎవరు ఎక్కిస్తారు?"

అదే అసలు ప్రశ్న అని నాకు తెలిసింది ట్రయల్ మొదలెట్టాకే. ఆర్డర్ల చరిత్ర ఫైలుకి అచ్చం అలాంటి టేబులే తయారుచేసి పాత డేటా కాపీ కొట్టబోతే మధ్యలో ఆగిపోయింది. ఆగిన రికార్డుని హెక్స్‌లో తెరిచి చూస్తే ధర ఉండాల్సిన చోట వరసగా 40, 40, 40. ఆ మెషీన్ కోడులో 40 అంటే ఖాళీ. అంకెలుండాల్సిన ఫీల్డులో ఖాళీలు కూర్చున్నాయి, అదీ ఎన్నో ఏళ్లుగా. డీడీఎస్‌తో చేసిన ఫైలు రాసేటప్పుడు ఏమీ అడగదు, చదివే ప్రోగ్రాం నెత్తిన పడేస్తుంది. మరి ఆ ప్రోగ్రాములు ఎందుకు పడిపోలేదు? కంపైల్ చేసినప్పుడు ఎవరో ఫిక్స్‌నంబర్ ఆప్షన్ పెట్టారు. అది ఖాళీని సున్నాగా చదివేసి ఊరుకుంటుంది. ఎస్‌క్యూఎల్ టేబుల్ అలా ఊరుకోదు, రాసే చోటే ఆపేస్తుంది.

నాన్నగారు ఒక రాత్రి మెట్లెక్కి వచ్చి "ఏంట్రా రోజూ ఈ గొడవ?" అన్నారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేముందే టిక్కెట్టు చూడటం ఒక పద్ధతి, అందరినీ ఎక్కించేసి నరసాపురం గట్టున దిగాక అడగటం ఇంకో పద్ధతి, ఏది మంచిదా అని తేల్చుకుంటున్నాం అన్నాను. "ఇన్నాళ్లూ టిక్కెట్టు లేకుండా ఎక్కినవాళ్లనేం చేస్తారు?" అన్నారు. ఆ మాట మర్నాడు కాల్‌లో చెప్తే భీమవరం ఆయన ఆపకుండా నవ్వారు.

ఆఖరి మీటింగ్ సెప్టెంబరు మొదట్లో పెట్టుకున్నాం. 5వ తేదీ రాత్రి మా ఊరి గుడిలో స్వామివారి రథం కాలిపోయింది. తెల్లారేసరికి ఊరంతా పోలీసులు, టీవీ వ్యాన్లు, ఏడుస్తున్న ఆడవాళ్లు. మీటింగ్ వాయిదా వేయమన్నాను, వేశారు. ఫిబ్రవరి కల్యాణానికి కొత్త రథం తయారైంది. దాన్నీ మా ఫైళ్లనీ పక్కపక్కన పెట్టి మాట్లాడే పని మాత్రం పెట్టుకోను.

తర్వాతి వారం తేలింది ఇది. కొత్త టేబుళ్లన్నీ ఎస్‌క్యూఎల్‌లోనే. పాత ఫైలుకి మార్పు అవసరమైన రోజునే దాన్ని మార్చాలి, సరదాకి కాదు. మార్చేటప్పుడు టేబుల్‌కి కొత్త పేరు పెట్టి, పాత పేరుతో దాని మీద ఒక లాజికల్ ఫైలు, అంటే తనలో డేటా లేకుండా టేబుల్‌లోది చూపించే ఫైలు, పాత ఫార్మాట్‌తోనే నిలబెట్టాలి. అప్పుడు ఫార్మాట్ గుర్తు మారదు, ఫార్మాట్ మారిందని లెవెల్ చెక్ కొట్టదు, వందల ప్రోగ్రాములు మళ్లీ కంపైల్ చేసే బాధ ఉండదు. స్క్రీన్లు, ప్రింట్ ఫైళ్లు ఎలాగూ డీడీఎస్సే, ఎస్‌క్యూఎల్ అక్కడ చేయగలిగిందేం లేదు. ఫీల్డు రిఫరెన్స్ ఫైలునీ కదపొద్దన్నాం. కామాలు, మైనస్ గుర్తులు ఎలా పడాలో చెప్పే ఎడిట్ కోడులు స్క్రీన్లు దాన్నుంచే తెచ్చుకుంటాయి, ఎస్‌క్యూఎల్ టేబుల్‌లో వాటిని పెట్టే చోటు లేదు. ఖాళీలున్న రికార్డుల్ని సున్నాలతో నింపకుండా, ఒక్కో రకానికి ధర ఏమై ఉండాలో అకౌంట్స్ వాళ్లనే అడిగి దిద్దాం. అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది దానికే.

"ఐటెమ్ మాస్టర్ జోలికి మాత్రం వెళ్లొద్దు" అన్నారు భీమవరం ఆయన. విడిభాగాల వివరాలన్నీ ఉండే ఆ ఫైలు మీద లాజికల్ ఫైళ్లు కుప్పలు, దాన్ని ముట్టుకోని ప్రోగ్రాం లేదు. నాకు ఆ మాట నచ్చలేదు. అది సాంకేతిక కారణం కాదు, భయం. ఎక్కువమంది వాడే ఫైల్లోనే చెత్త ఎక్కువ పేరుకుంటుంది, ముందు తలుపు పెట్టాల్సింది దానికే. కుర్రాడు నా పక్షం. ఓట్లు చాల్లేదు.

వెబ్ టీమ్ వాళ్లకి పొడుగు వివరణ కావాల్సొచ్చినప్పుడు కూడా ఐటెమ్ మాస్టర్ పక్కన వేరే టేబుల్ పెట్టి, రెంటికీ కలిపి ఒక వ్యూ కట్టి సరిపెట్టాం. భీమవరం ఆయన రిటైరయ్యారు. స్టాకు లెక్క అయిపోగానే మార్చేద్దామని ప్రతి డిసెంబర్లో అనుకుంటాం. జనవరిలో ఇంకేదో అర్జెంటు పని వచ్చిపడుతుంది.