పులికాట్‌ను నిలబెట్టిన ఇసుక

సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట వైపు మళ్లిన రోడ్డు కాసేపటికే సరస్సు మధ్యకు చేరుతుంది. రెండు పక్కలా పులికాట్. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక వస్తే కనుచూపు మేర నీళ్లే. మే నెలలో వస్తే ఉత్తర భాగం చాలా మటుకు ఎండిపోయి, ఉప్పు పేరుకున్న బీడు కనిపిస్తుంది. మన దేశంలో చిల్కా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అయినా చాలాచోట్ల నీళ్లు నడుము దాటవు.

ఆ లోతు లేకపోవడమే ఫ్లెమింగోలను ఇక్కడికి రప్పిస్తోంది. పొడవాటి కాళ్లతో నడుస్తూ, తల కిందులుగా ముంచి, వంకర ముక్కుతో బురదనీటిని వడగట్టి నాచునూ చిన్న చిన్న రొయ్యజాతి పురుగులనూ తింటాయి. రెక్కల గులాబీ రంగు ఆ తిండిలోంచి వచ్చిందే. గుంపులో బూడిద రంగువి ఉంటే అవి ఇంకా పిల్లలన్నమాట. 2001 నుంచి సూళ్లూరుపేటలో వీటి పేరిట పండుగే జరుగుతోంది. వచ్చినవాళ్లలో చాలామంది రోడ్డు మీదే బండి ఆపి, ఫొటోలు తీసుకుని వెనుదిరుగుతారు. నా చూపు మాత్రం పక్షుల వెనక, తూర్పున సన్నగా కనిపించే ఇసుకనేల మీదికే పోతుంది.

ఆ ఇసుక లేకపోతే పులికాటే లేదు. సముద్రం వేల ఏళ్లపాటు మోసుకొచ్చి పోసిన ఇసుకే శ్రీహరికోట దీవి. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అదే గట్టు. ఒడ్డునున్న తిన్నెలను బాలబంద తీగ, రావణాసురుడి మీసాలనే గడ్డి కణుపు కణుపుకూ వేళ్లూని పట్టి ఉంచుతాయి. వాటి వెనక అడవి.

పడ్డ వాన ఈ ఇసుకలోకే ఇంకుతుంది. తేలిక కాబట్టి తీపినీరు కిందనున్న ఉప్పునీటి మీద తేలుతుంది. నెల్లూరు, ప్రకాశం తీరాల రైతుల దొరువులన్నీ ఇలా తేలే నీటి మీద ఆధారపడినవే. ఇసుకలో గుంట తవ్వి, పైపైన ఊరే నీటినే తోడి మొక్కలకు పోస్తారు. ఆశపడి లోతుకు దించి మోటారు పెడితే ఉప్పునీరు పైకొచ్చి మడి చెడుతుంది. ఇసుకనేల మీద సేద్యానికి ఇంతకన్నా తెలివైన పద్ధతిని నేనెక్కడా చూడలేదు.

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. రాకెట్ కేంద్రం కంచె పడ్డాక అడవి బతికింది. కానీ ఆ అడవిలో తేనె, దుంపలు, మూలికలు ఏరుకుని బతికిన యానాదులు చోటు మారాల్సి వచ్చింది. దీవి అందాన్ని మెచ్చుకునేవాళ్లు వాళ్లను మరిచిపోకూడదు. ఈ తిన్నెల మీద ఇప్పుడు ఇష్టమొచ్చినట్టు తిరగడం కుదరదు. ఇసుకలో నడవాలనుంటే వాకాడు మండలంలోని తూపిలిపాలెం వెళ్లండి.

నేలపట్టు చూడకుండా వెళ్లొద్దు. దొరవారిసత్రం దగ్గరి ఈ చెరువు 1976 నుంచి పక్షుల కేంద్రం. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్లు కడతాయి. గూడబాతులు మేతకు పులికాట్‌కు పోయి వస్తాయి. పొద్దున్నే వెళ్లి, చప్పుడు చేయకుండా చూడాలి.

సరస్సును నిలబెట్టిన ఇసుకే ఇప్పుడు దాని ఊపిరి బిగిస్తోంది. సరస్సునూ సముద్రాన్నీ కలిపే రాయదొరువు ముఖద్వారం పూడుకుంటే పోటునీరు లోపలికి రాదు, రొయ్యపిల్లలూ రావు. ఆ ఏడు జాలరి వల బరువెక్కదు, పక్షికి మేతా తగ్గుతుంది. పూడిక తీయమని మత్స్యకారులు అడగడం నూటికి నూరుపాళ్లూ న్యాయం. తీసిన ఇసుకను మాత్రం లారీలకెత్తి బయటికి పంపకూడదు. కోతకు గురైన తిన్నెల మీదే పోసి, బాలబంద తీగ నాటించాలి.