నడికట్టు

మన ప్రబంధ కవులకు స్త్రీ నడుము ఒక పెద్ద వినోదం. అది వుందా లేదా అని సందేహపడటం, లేదని తేల్చి ఆకాశంతో పోల్చటం వారికి పరిపాటి. ఆ పద్యాలకు ఇరవయ్యేళ్ళుగా తరగతిలో అర్థం చెబుతున్నాను. పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అయితే ఇద్దరు పిల్లల్ని కన్న తర్వాత ఆ నాయిక నడుము సంగతి యేమైందో యే కవీ రాసినట్లు నాకు గుర్తు లేదు. ఆ తర్వాతి కథ ఆడవాళ్ళే చెప్పుకోవాలి.

నాకు రెండు కాన్పులూ ఆపరేషనే. మా ప్రాంతంలో అదేమీ వింత కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21 కాన్పులు కోతతో జరిగితే, తెలంగాణలో అవి నూటికి 60 దాటాయి. కాని నా బాధకు మూలం కోత కాదు. పొట్ట నడిమిన నిలువుగా రెండు కండరాల పట్టీలుంటాయి. వాటిని కలిపే పొర, కడుపులో బిడ్డ పెరిగే కొద్దీ సాగుతుంది. కాన్పు తర్వాత కొన్ని నెలలకు చాలామందికి ఆ యెడం తగ్గుతుంది. వ్యాయామం కూడా కొంత మేలు చేస్తుంది. నాకు మాత్రం వ్యాయామం చేసినా ఆ యెడం పోలేదు. గంటసేపు నిలబడి పాఠం చెబితే వెన్ను విరిగినట్లయ్యేది. పెళ్ళిళ్ళలో చుట్టాలు నా పొట్ట వైపు చూసి, “మళ్ళీ యేమన్నా విశేషమా?” అనేవారు.

దీనికి చేసే ఆపరేషన్ను ఇంగ్లీషువాళ్ళు ‘టమ్మీ టక్’ అంటారు. మరీ కొత్తదేమీ కాదు. సాగి వేలాడే చర్మాన్నీ కొవ్వునూ కోసి తీసిన సంగతిని 1899లోనే అమెరికాలో హోవర్డ్ కెల్లీ అనే స్త్రీ వైద్య నిపుణుడు ప్రకటించాడు. ఇప్పుడు చర్మం తీయటంతో పాటు విడిపోయిన కండరాలను కూడా కుట్టి దగ్గరికి చేరుస్తున్నారు. అయినా బీమా పాలసీల దృష్టిలో సాధారణంగా ఇది సోకు కిందే లెక్క. అందులో పైసా రాదు. ఇక మిగిలింది, పెద్దమ్మాయి చదువుకని కట్టుకున్న చిట్టీ. ఆ మాట ఇంట్లో అనగానే అత్తమ్మ, “నలభై దాటినంక అందానికి కోయించుకుంటవా బిడ్డా?” అన్నది. మావారు పత్రిక చాటుకు వెళ్ళిపోయారు. “అమ్మ నిలబడగలిగితేనే గదా నా చదువు” అని మా పెద్దమ్మాయి అన్న తర్వాత గాని ఆ చిట్టీ పాడే ధైర్యం నాకు రాలేదు.

వేసవి సెలవుల్లో హైదరాబాదులో ఆపరేషన్ జరిగింది. మెలకువ వచ్చేసరికి వొంటి మీద ఒక కొత్త వస్త్రం వుంది. అది రొమ్ము కింద మొదలై తొడల దాకా పట్టి వుంచే సాగే గుడ్డ. పక్కన రెండు వరసల కొక్కేలు, వాటి మీద జిప్పు. లోపల వూరే నీరు బయటికి రావటానికి రెండు సన్నని గొట్టాలు, వాటి చివర చిన్న బుడ్డీలు. ఆ వస్త్రాన్ని ఆరు వారాల పాటు స్నానానికి తప్ప విప్పకూడదన్నారు. చర్మాన్ని కండరం నుంచి లేపి, మళ్ళీ పరుస్తారు గదా, మధ్యలో నీరు చేరే ప్రమాదం వుంది. ఆ నీరు చేరకుండా, వాపు పెరగకుండా, కుట్ల మీద లాగుడు పడకుండా ఈ పట్టు తోడ్పడుతుందట. యెన్నాళ్ళు తొడగాలన్న విషయంలో డాక్టర్లందరిదీ ఒక మాట కాదు. తన డాక్టరు చెప్పిన లెక్కే యెవరికైనా లెక్క.

మే నెలలో పోతిరెడ్డిపల్లి యెండ తెలిసినవారికి నా అవస్థ వర్ణించనక్కర లేదు. ముంబాయి రోడ్డు మీద లారీల రొద, ఇంట్లో ఫ్యాను గాలి, వొంటికి ఆ కవచం! నిటారుగా నిలబడలేను, నడుము వంచుకునే అడుగులు వెయ్యాలి. అలాగని నడవక మానకూడదు. కదలకపోతే కాళ్ళలో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం. రెండు జతలు కొని, ఒకటి వుతికి ఆరేస్తే రెండోది తొడుక్కునేదాన్ని.

కొక్కేలు పెట్టుకోవటం మాత్రం నా చేత కాలేదు. మూడో రోజు అత్తమ్మ తనంతట తానే వచ్చి కూర్చున్నది. కింది నుంచి పైకి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చి, “మా కాలంల పాత చీర మడత పెట్టి చుట్టేటోళ్ళు. లేకుంటే లోపలికి గాలి వోతదనేటోళ్ళు. నాకు నాలుగు కాన్పులాయె. కట్టు మూడొద్దులు గూడ వుండనియ్యలే, నాట్లకు పిలిచిన్రు” అన్నది. ఆమె నడుము నొప్పి నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి వింటున్నదే. దాని చరిత్ర ఆవేళ తెలిసింది. తర్వాత ఆరు వారాలూ ఆ కొక్కేలు ఆమెవే. ‘అందానికి’ అన్న మాట మళ్ళీ ఆ నోట రాలేదు.

ఆమె చెప్పిన ‘గాలి’ మాటకు శాస్త్రం లేకపోలేదు. ప్రసవించిన స్త్రీ పొట్టకు నెయ్యీ నూనే రాసి, పెద్ద శుభ్రమైన వస్త్రంతో చుట్టాలనీ, అప్పుడు వాయువుకు లోపల చోటు దొరకదనీ చరక సంహిత శారీరస్థానంలో వుంది. డాక్టరు గారు నీరన్నారు, చరకుడు వాయువన్నాడు. చోటివ్వకూడదన్న మాట ఇద్దరిదీ ఒకటే. కట్టు మాత్రమే విడిన కండరాలను కలుపుతుందని భ్రమపడకూడదు, అది ఆసరా. మరీ బిగిస్తే కీడు కూడా చేస్తుంది. వూపిరి ఆడకపోయినా, మడతపడి చర్మం కందినా వెంటనే సడలించాలి. జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

మా పక్క వాటాలో వున్న అమ్మాయి పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తుంది. ఆమెకు ఆపరేషన్‌తో తొలి కాన్పు జరిగి అప్పటికి ఏడు వారాలు. నన్ను చూడవచ్చి కొంగు తొలగించి, మెడికల్ షాపులో కొన్న పొట్ట బెల్టు చూపించింది. “వచ్చే వారం డ్యూటీకి పోవాలె మేడం. ఇది కట్టుకుని యెనిమిది గంటలు నిలవడొచ్చునా?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు బెల్టు జవాబు కాదు. తొలి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన ప్రసూతి సెలవును 2017లో 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. కాన్పుకు ముందు యేడాదిలో 80 రోజులు పని చేసి వుండాలి, ఆమె చేసింది. కాని కాంట్రాక్టు పనివాళ్ళకూ ఆ హక్కు వుందని ఆమెకు చెప్పినవారే లేరు. మంచం మీద దిండుకు ఆనుకుని, అత్తమ్మ పలక పట్టుకుంటే, సెలవు దరఖాస్తు నేనే రాసి ఇచ్చాను. తెలుగు ఎమ్మేకు ఇన్నాళ్ళకు ఒక సార్థకత దొరికిందనిపించింది.

నా ఆరు వారాలూ పూర్తయ్యాయి. ఇప్పుడు గంట పాఠం నిలబడే చెబుతున్నాను. ఆ అమ్మాయి దరఖాస్తుకు జవాబు ఇంకా రాలేదు. పొద్దున షిఫ్టు బస్సు చౌరస్తాలో ఆగినప్పుడల్లా, ఆమె అందులో యెక్కలేదు కదా అని అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి చూస్తున్నది.